చర్చకు పనికిరాని మాట

పొద్దున్నే కండక్టరు చేసే మొదటి పని డబ్బాలు కడగడం. ముందురోజు బస్సుల్లో జనం మరిచిపోయిన అన్నం డబ్బాలు ఒక్కొక్కటే తెరిచి, పాచిపోయిన మెతుకులు పారబోసి, డిపో వెనక కుళాయి దగ్గర తోమి బోర్లిస్తాడు. వాసన మాత్రం ఆయనకు తెలియదు. ఊపిరి ముక్కులోంచి కాక మెడలోని రంధ్రంలోంచి ఆడేవాడికి వాసన ఎక్కడిది? "ఈ కొలువుకు నీకంటే తగినవాడు భూమ్మీద లేడయ్యా" అని టైంకీపరు అటుగా పోయినప్పుడల్లా అంటాడు. మొదట్లో ఆ మాట గుచ్చుకునేది. ఇప్పుడు డబ్బాను కాస్త గట్టిగా చప్పుడు చేసి ఊరుకుంటాడు.

కండక్టరన్నది పాత పేరు. గొంతులో పుండు లేచి, పుండుతో పాటు స్వరపేటిక మొత్తం కోసి తీసేశాక, డిపోవాళ్లు ఆయన్ని బస్సు దింపి ఈ పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. గది నిండా గొడుగులు, సంచులు, కళ్లజోళ్లు, ఒంటి చెప్పులు. ఒక చంకకర్ర కూడా ఉంది. దాన్ని మరిచిపోయినవాడు బస్సు దిగి ఎలా నడిచిపోయాడో ఎవరికీ తెలియదు. ప్రతి వస్తువుకూ ఒక అట్టముక్క కట్టి, ఏ బస్సులో ఏ సీటు కింద దొరికిందో రాసి గూట్లో పెట్టాలి. అడగడానికి వచ్చినవాళ్లకు మెడలో వేలాడే పలక మీద రాసి జవాబివ్వాలి. పలక చూడగానే సగం మంది గొంతు పెంచి అరిచినట్టు మాట్లాడతారు. ఈయనకు పోయింది గొంతు, చెవులు కావు. ఆ సంగతి పలక మీద రాసి రాసి విసిగిపోయి, ఇప్పుడు అరవనిస్తున్నాడు.

చేతులు తుడుచుకుని, మెడ మీది పల్చటి గుడ్డ సర్దుకుని, ఆయన ఫోను తెరిచాడు. గ్రూపులో అప్పటికే ఉన్నానులు మొదలయ్యాయి.

గొంతు తీసేసినవాళ్ల గ్రూపు అది. ఎక్కడెక్కడివాళ్లో ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసింది తక్కువ. పేర్లు కూడా పోయిన గొంతును బట్టే. బడిలో పాఠాలు చెప్పి చెప్పి అలసినావిడ టీచరమ్మ. కూరగాయల మార్కెట్లో సరుకు వేలం వేసినాయన వేలంపాట. రోజూ లేవగానే ప్రతి ఒక్కరూ "ఉన్నాను" అని ఒక ముక్క రాయాలి. రాయనివాడికి మిగతావాళ్లు ఫోను కొడతారు. ఎత్తినవాడు మాట్లాడలేడు కనుక ఫోను మీద వేలితో టకటకమని కొట్టి తన క్షేమం చెబుతాడు. ఈ పద్ధతి పెట్టింది వేలంపాట. గొంతున్నవాడు కిందపడితే అరుస్తాడు, మనం ఏం చేస్తాం, గోడకు చెప్పుకుంటామా అని ఆయన అప్పట్లో రాశాడు. అందరూ ఆ మాట ఒప్పుకున్నారు. ఆనాటి నుంచి ఎవరూ తప్పలేదు.

ఆవేళ కూడా వేలంపాట తన ధోరణిలోనే రాశాడు. "ఉన్నాను, ఒకటోసారి. ఉన్నాను, రెండోసారి. ఇంతకంటే గట్టిగా ఉన్నవాళ్లెవరైనా ఉంటే పాడండి. లేరా? ఉన్నాను, మూడోసారి. కొట్టేశాను."

కింద టీచరమ్మ రాసింది. "నిన్ను కొనేవాళ్లెవరూ లేరులే తమ్ముడూ. నేనూ ఉన్నాను. మోకాలు కూడా ఉంది, నొప్పితో సహా."

కండక్టరు పెదవులు విచ్చుకున్నాయి. ఆయన కూడా ఉన్నానని రాయబోయి, పైన మెరుస్తున్న కొత్త ప్రకటన చూసి ఆగాడు.

ప్రకటన మేడంది. గొంతు పోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పే కేంద్రం నడుపుతుందావిడ. గ్రూపు భారం మోయలేనని టీచరమ్మ అంటే, ఈ మధ్యే తను నెత్తికెత్తుకుంది. మంచిదే. అడిగినవాడికి విసుక్కోకుండా చెబుతుంది. కాని ఆవిడకు అన్నీ గూళ్లల్లో సర్ది ఉండాలి. ప్రకటనలో ఏముందంటే, ఇకనుంచి ఇది కబుర్ల గ్రూపు కాదు, చర్చావేదిక. పెద్దపెద్ద డాక్టర్లు చూడబోతున్నారు. పనికొచ్చే ప్రశ్నలు, పనికొచ్చే జవాబులు పైకి కనబడాలి. రోజూ వచ్చే ఒంటిమాట సందేశాల కింద అవి కూరుకుపోతున్నాయి. అలాంటివి తీసేస్తారు. ఆ పని చూడటానికి ఒక సహాయకుణ్ని నియమిస్తున్నాం, ఎప్పుడూ క్రమశిక్షణతో మెలిగే మన కండక్టరు గారు.

ఆయన ఆ చివరి వాక్యం మళ్లీ చదివాడు. ఇంకోసారి చదివాడు. తన పేరు పక్కన చిన్న బస్సు బొమ్మ, ఆ బొమ్మ కింద 'సహాయకుడు' అన్న మాట కొత్తగా పుట్టుకొచ్చింది.

నిండు బస్సులో ఒక్క విజిల్ ఊదితే అంత పెద్ద బండీ కట్టేసినట్టు ఆగిపోయేది. రెండు ఊదితే కదిలేది. డ్రైవరు ఎంతటివాడైనా ఆ విజిల్‌కు లోబడవలసిందే. గొంతు పోయాక ఆయన మాటకు ఆగింది ఏదీ లేదు, ఇంట్లో గాని బయట గాని. గొడుగులకు అట్టలు కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి మీదా అధికారమూ రాదు. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

ప్రకటన చివర ఒక ప్రశ్నపత్రం ఉంది. ఈ వేదికలో మీరు దేనికి విలువిస్తారు, దీన్నుంచి ఏం ఆశిస్తారు అని అడిగారు. కింద గళ్లు. నిపుణుల సలహా. పరికరాల సమాచారం. నాణ్యమైన చర్చ. ఆఖరున 'ఇతరం' అని ఒక ఖాళీ గీత. కండక్టరు వేలు ఆ గీత దగ్గర కాసేపు ఆడింది. జవాబులు మేడం చూస్తుందని గుర్తొచ్చి, పైకి జరిపి 'నాణ్యమైన చర్చ' మీద నొక్కాడు. సహాయకుడి హోదాలో ఎవరేం నొక్కారో ఆయనకూ కనబడుతోంది. వేలంపాట ఖాళీ గీత మీద రాశాడు. "పొద్దున నేను కనబడకపోతే ఎవరో ఒకరు ఏడీ వీడు అంటారు. అది చాలు. సలహాలు పక్కింటాయన కూడా ఇస్తాడు."

ఆ తర్వాత కండక్టరు గ్రూపులోకి వెళ్లి, ఉన్నాను అన్న ప్రతి మాటా ఏరి తీసేశాడు. బియ్యంలో రాళ్లేరినంత శ్రద్ధగా తీశాడు. టీచరమ్మ మోకాలితో సహా అన్నీ పోయాయి. పేజీ కడిగిన డబ్బాలా శుభ్రంగా తయారైంది. మేడం వెంటనే ఒక దణ్ణం బొమ్మ పంపింది.

*

మరుసటి రోజు టీచరమ్మ ఆయనకు విడిగా రాసింది. నియమాలు నీ నెత్తిన పెట్టారు, నిజమే, కాని ఆ ఒక్క మాట ఎందుకు పుట్టిందో నీకు తెలుసు కదా నాయనా, చూసీచూడనట్టు పోనివ్వరాదా అని ఆవిడ మాట. ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. ఒకరికి సందిస్తే అందరూ దూరతారు, టిక్కెట్టు లేనివాడు ఒక్కడున్నా చెకింగులో పట్టుబడేది కండక్టరే అని రాశాడు. రాశాక ఆ పోలిక ఆయనకే నచ్చింది. టైంకీపరుకు చూపించాలనిపించింది గాని, అటుపక్కనుంచి ఏ మాట ఊడిపడుతుందోనని మానుకున్నాడు.

చాలామంది సర్దుకున్నారు. వేలంపాట సర్దుకోలేదు. పొద్దున ఉన్నాను అని పెట్టాడు, తీసేస్తే మళ్లీ పెట్టాడు. మూడోసారి తీశాక అందరి ముందూ రాశాడు.

"కండక్టరు గారూ, ఎక్కినవాణ్ని నడిదారిలో దింపేస్తున్నారేం? నేనేమైనా బండి మీద బరువైపోయానా? ఉన్నానని చెప్పుకోవడానికి కూడా మీ దగ్గర టిక్కెట్టు తెంచుకోవాలా?"

నవ్వు బొమ్మలు వరసకట్టి పడ్డాయి. అక్కడితో ఆగినా పోయేది. ఆయన ఇంకో ముక్క కలిపాడు.

"గొంతు పోయినా విజిల్ పోలేదు మనవాడికి. పాపం ఊదనివ్వండి, ఇంకెక్కడ ఊదుకుంటాడు."

కండక్టరు అప్పుడు ఒక ముసలాయనకు కళ్లజోళ్లు చూపిస్తున్నాడు. ముసలాయన ఒక్కోటీ పెట్టుకుని కిటికీలోంచి చూసి, ఇది కాదని తీసేస్తున్నాడు. కండక్టరు చేతులు జోళ్లు అందిస్తూనే ఉన్నాయి గాని, చెవుల దాకా వేడి పాకింది. మెడ రంధ్రంలో ఊపిరి బుసబుసమంది. ముసలాయన భయపడి, "ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా?" అని గదంతా మారుమోగేలా అరిచాడు.

ఆయన వెళ్లాక కండక్టరు నియమాలు తెరిచి చూశాడు. చర్చకు పదేపదే అడ్డుపడే సభ్యుణ్ని వారం పాటు మౌనంలో ఉంచవచ్చు. అతని సందేశాలు నేరుగా గ్రూపులోకి రావు. సహాయకుడి దగ్గర ఆగుతాయి. సహాయకుడు సరేనంటేనే పైకి వెళతాయి. 'మౌనం' అన్న మాట మీద వేలు పెట్టి ఒక్క క్షణం చూశాడు. నొక్కాడు.

గొంతు లేనివాడి నోరు మూయించడం ఇంత తేలికని ఆయన అనుకోలేదు.

సాయంత్రం ఇంటికి పోతే భార్య హాస్టల్లో వంట ముగించుకుని అప్పుడే వచ్చి, కాళ్లు చాపుకుని కూర్చుంది. కూతురు కబురు పంపిందట, అల్లుడికి వేరే చోటికి బదిలీ అయ్యేట్టుందట, పిల్లవాణ్ని కొన్నాళ్లు మన దగ్గర ఉంచాలా వద్దా అని అడుగుతోందట. ఆవిడ చెప్పిందంతా చెప్పి ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఫోనులో ఒక కొత్త సభ్యుడి ప్రశ్నను సరైన గూట్లోకి జరుపుతున్నాడు. 'చూద్దాం' అన్నట్టు చెయ్యి ఆడించాడు.

"ఇంట్లో ఒక ముక్క రాయమంటే పలక దొరకదు నీకు. అక్కడ మాత్రం పేజీలకు పేజీలు. నాతో మాట్లాడాలంటే నేనూ గొంతు కోయించుకుని ఆ గ్రూపులో చేరాలేమో" అంది ఆవిడ. లేచి వెళ్లి గిన్నెలు సర్దుకుంది. ఆవిడ మాటల్లో కోపం కూడా లేదు. అది ఉన్నా ఆయన పలక తీసేవాడేమో.

*

తెల్లవారి డిపోకు చేరేసరికి ఆగిన సందేశాల గూట్లో వేలంపాట పేరు మీద ఒకటి ఉంది. తెరిచాడు.

"ఉన్నాను."

అంతే. ఒకటోసారి లేదు, రెండోసారి లేదు. బెట్టు చేస్తున్నాడనుకున్నాడు కండక్టరు. తిరస్కరించు అన్నచోట నొక్కాడు. తిరస్కరిస్తే కారణం చెప్పాలి. అక్కడే తయారుగా ఉన్నవాటిల్లోంచి 'చర్చకు పనికిరాని విషయం' ఎంచాడు. అది సహాయకుడి పేరుతో, బస్సు బొమ్మతో అవతలివాడి ఫోనుకు పోతుంది.

డబ్బాలు తోమడానికి కుళాయి దగ్గరకు వెళ్లాడు. చేతులు తుడుచుకుని వచ్చి చూస్తే ఇంకొకటి.

"ఉన్నాను."

కొట్టేశాడు. ఒక పెద్దావిడ వచ్చి, తెల్ల సంచీ పోయిందని, అందులో మనవరాలి స్వెటరు సగం అల్లి పెట్టుకున్నానని, సూదులు కూడా దాంట్లోనే ఉన్నాయని చెప్పింది. ఊలు ఏ రంగు అని పలక మీద రాశాడు. ఆవిడకు రంగు పేరు తోచక చుట్టూ చూసి, గోడకున్న పాత బస్సు పటం చూపించి, "ఇదిగో, ఈ ఆకాశం లాంటిది" అంది. ఆయన గూళ్లన్నీ దింపి వెతికాడు. వెతుకుతుంటే జేబులో ఫోను వణికింది. సంచీ దొరికింది. ఆవిడ ఊలు ఉండను బుగ్గకు ఆనించుకుని చూసుకుని, ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆవిణ్ని పంపించి ఫోను తీశాడు.

"ఉన్నానుఉన్నాను"

మధ్యలో ఖాళీ కూడా లేదు. కిందే మరొకటి. "ఉన్నాను ఉన్నాను ఉన్నాను". దాని కింద మళ్లీ, "ఉన్నాను."

ఆయనకు ఒళ్లు మండింది. ముందురోజు నవ్వు బొమ్మలన్నీ కళ్లముందు తిరిగాయి. ఈ మొండితనం ఎవరికి చూపిస్తున్నాడు? అన్నిటినీ ఒక్కొక్కటిగా తిరస్కరించాడు. ఒక్కసారిగా తీసేసే వీలుంది గాని, ఒక్కొక్కటీ తీస్తేనే ఆయనకు తృప్తిగా ఉంది. ప్రతిదానికీ అదే కారణం, అదే బస్సు బొమ్మ.

టైంకీపరు తలుపులోంచి తొంగిచూశాడు. "ఏంటయ్యా, ఫోనులో దోమల్ని చంపుతున్నావా?"

మధ్యాహ్నం దాకా ఒకటీ అరా వస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. దారికొచ్చాడనుకున్నాడు కండక్టరు. అన్నం తిని, ఆ పూట కాస్త హాయిగా కునుకు తీశాడు.

మర్నాడు గూడు ఖాళీగా ఉంది. ఆపై రోజూ ఖాళీయే. టీచరమ్మ విడిగా అడిగింది. వేలంపాట పత్తా లేడు, ఫోను కొడితే మోగి మోగి ఆగిపోతోంది, టకటక లేదు, నీకేమైనా తెలుసా అని. మౌనంలో పెట్టాను కదమ్మా, అలిగాడు, వారం తీరితే ఆయనే వస్తాడు అని రాశాడు కండక్టరు. మామూలుగా ఎవరైనా ఒక పొద్దు రాయకపోతే అందరూ కలిసి ఫోను మీద పడేవాళ్లు. ఈసారి అందరికీ కారణం తెలుసు. తెలిసిన కారణం ఉంది కనుక ఎవరూ ఇంకో కారణం వెతకలేదు.

టీచరమ్మ మాత్రం ఊరుకోలేదు. వేలంపాట ఉండే ఊళ్లో ఆవిడ దగ్గర చదువుకున్నవాడొకడు మందుల దుకాణం పెట్టుకున్నాడు. వాణ్ని పంపించి కనుక్కుని, కండక్టరుకు ఒక్కడికే రాసింది. తిట్టలేదు. జరిగింది జరిగినట్టు రాసింది.

వేలంపాట ఒంటరి మనిషి. చెల్లెలు రెండు వీధుల అవతల ఉండి అన్నం పంపిస్తుంది. ఆమె కూతురికి పురుడని వేరే ఊరు పోయింది. మౌనంలో పెట్టిన మర్నాడు పొద్దున్నే ఆయనకు పక్షవాతం కొట్టి, స్నానాల గది గుమ్మంలో పడిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. ఫోను జేబులోనే ఉంది. ఎడంచేత్తో తీయగలిగాడు గాని అక్షరాలు కూర్చి రాయలేకపోయాడు, తలలో అక్షరాలు నిలవలేదట. రోజూ పొద్దున రాసే మాట కనుక, ఫోను తనంతట తనే ముందు ఆ మాటను చూపిస్తుంది. దాన్ని ఒక్కసారి నొక్కితే చాలు. ఆయన నొక్కగలిగింది అదొక్కటే. చెల్లెలు తిరిగొచ్చి తలుపు తోసేసరికి మరుసటి రోజు పొద్దెక్కింది. వెంటనే తెచ్చి ఉంటే చెయ్యి కొంత వచ్చేదేమోనని డాక్టర్లన్నారు.

"ఆ మాట నీ గూట్లోకి వచ్చిందా?" అని చివర అడిగింది టీచరమ్మ.

కండక్టరు చేతిలో అప్పుడు ఒక గొడుగు ఉంది, సగం కట్టిన అట్టముక్కతో. ముడి వేయకుండానే గొడుగు బల్ల మీద పెట్టేసి, తలుపు దగ్గరకు వేశాడు.

టీచరమ్మకు జవాబివ్వలేదు. మేడంకు రాశాడు. ఏదీ దాచకుండా రాశాడు. ఆవిడ జవాబు తొందరగానే వచ్చింది. చాలా బాధాకరం అంది. మీరు నియమం ప్రకారమే చేశారు, మీరేమీ మనసులో పెట్టుకోవద్దు అంది. ఈ సంగతి గ్రూపులో పెడితే అందరూ కంగారుపడతారు, ప్రస్తుతానికి మన మధ్యే ఉంచుదాం అంది.

*

వేలంపాట ఊరికి బస్సు ఎక్కితే, అందులోని కండక్టరు కుర్రాడు ఆయన్ని గుర్తుపట్టి ముందు సీటు ఖాళీ చేయించాడు. కిటికీ పక్క కూర్చుని, దుమ్ము పోకుండా మెడ మీద రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. దారిలో ఫోను వణికింది. ప్రశ్నపత్రం ఫలితాలు మేడం అందరికీ పెట్టింది. నాణ్యమైన చర్చకే సభ్యులు ఎక్కువ విలువిస్తున్నారట. వేదిక శుభ్రపడ్డాక పనికొచ్చే జవాబులు పెరిగాయట. సహాయకుడు కండక్టరు గారికి ప్రత్యేక అభినందనలు. 'ఇతరం' కింద రాసినవి ఏ గూటిలోనూ ఇమడనందున లెక్కలోకి తీసుకోలేదు అని అడుగున చిన్నక్షరాల్లో ఉంది. అభినందనల కింద చప్పట్ల బొమ్మలు ఒకటొకటిగా పడుతున్నాయి. ఆయన ఫోను జేబులో పెట్టేశాడు. చప్పట్లు పడినప్పుడల్లా తొడకు తగులుతూనే ఉంది.

ఆసుపత్రిలో పొడుగాటి వార్డు. ఇనప మంచాలు. ఫలానా మంచమని నర్సు చూపించింది. గ్రూపులో పెట్టిన ఫొటోలో వేలంపాట బుర్రమీసాలతో, టమాటా గంపల మధ్య చెయ్యెత్తి నిలబడి ఉండేవాడు. మంచంలో ఉన్నాయన మూతి ఒక పక్కకు జారిపోయింది. కుడిచెయ్యి దుప్పటి మీద, ఎవరో మరిచిపోయి దిగిపోయిన సామానులా పడుంది. మెడ రంధ్రం మీద తడిగుడ్డ పైకీ కిందికీ కదులుతోంది. కళ్లు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. అవి కండక్టరు మెడలోని పలక మీద ఆగి, మొహానికెక్కి, అక్కడే నిలిచాయి.

పక్కన బల్ల మీద కూర్చున్న చెల్లెలు లేచింది. పలకను చూసి, మెడను చూసి, ఆమె మొహం విప్పారింది.

"కండక్టరు గారా? మీరేనా?"

ఆయన తల ఊపాడు.

ఆమె బల్ల తుడిచి కూర్చోమంది. అన్నయ్య మీ గురించి రాసి చూపించి నవ్వించేవాడని, విజిల్ దొర అనేవాడని, ఏమీ అనుకోవద్దని, ఆయన నోరే అంతని చెప్పింది. నోరు అన్నాక నాలుక్కరుచుకుంది. తలదిండు కింద నుంచి ఫోను తీసింది.

"మీరు రాకముందే మీకు చెప్పాలనుకున్నాను. నేను వచ్చి చూసేసరికి ఇది అన్నయ్య గుండెల మీద ఉంది. తెరిస్తే వరసగా ఈ బస్సు బొమ్మే. ఇది మీదే కదా? అక్షరాలు చీమల్లా ఉన్నాయి, నాకు ఆనలేదు. కింద మీ పేరు మాత్రం లావుగా కనబడింది. ఆ పూటంతా అన్నయ్య రాయడం, మీరు జవాబివ్వడం. ఇంత పెద్ద లోకంలో ఆ వేళప్పుడు మీరొక్కరే ఆయనకు తోడున్నారు" అంది.

ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. స్వెటరు ఆవిడ చేతులు పట్టుకున్నట్టే ఉంది ఆయనకు.

"ఏం రాశారు అన్నయ్యకి?"

కండక్టరు పలక ఒళ్లో పెట్టుకున్నాడు. బలపం పట్టుకున్నాడు. 'ధైర్యంగా ఉండమని' అని రాశాడు. రాసినంతసేపూ తల ఎత్తలేదు. చూపిద్దామని పలక తిప్పబోతూ ఎత్తాడు. వేలంపాట ఆయన్నే చూస్తున్నాడు. ఆ కళ్లల్లో కోపం వెతికాడు కండక్టరు. ఉంటే తేలికయ్యేది. ఏ సరుకు ఎంతకు పోతుందో ముందే తెలిసినవాడు పాట కోసం ఎదురుచూస్తున్నట్టు, ఆ కళ్లు ఊరికే ఎదురుచూస్తున్నాయి.

కండక్టరు అరచేత్తో పలక తుడిచేశాడు. సుద్ద చారలు మిగిలితే చొక్కా అంచుతో మళ్లీ తుడిచాడు. ఈసారి పెద్దక్షరాలు రాశాడు. ఆమెకు ఆనేట్టు, ఒక్కొక్కటీ విడివిడిగా. రాసి ఆమె చేతికిచ్చాడు.

ఆమె పలకను వెలుతురుకు పట్టుకుంది. వేలు పెట్టి, అక్షరాలు కూడబలుక్కుంటూ, బడిపిల్లలా పైకే చదివింది.

"అవి... జవాబులు... కావు. ఆయన... ఉన్నానని... రాసిన... ప్రతిసారీ... పనికి... రాదని... తీసేసింది... నేను."

కండక్టరు మాట చాలా కాలానికి గొంతుతో బయటికి వచ్చింది. అటుపక్క మంచం మీది రోగి తల తిప్పి చూశాడు. సెలైను సీసా మారుస్తున్న నర్సు చెయ్యి ఆగింది. చదవడం అయిపోయాక చెల్లెలికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆమె ఫోను చూసింది, పలక చూసింది, మళ్లీ ఫోను చూసింది.

మంచం చప్పుడైంది.

వేలంపాట ఎడంచెయ్యి ఎత్తి, పక్కనున్న ఇనప పట్టీ మీద అరచేత్తో కొట్టాడు. ఒక్క దెబ్బ. ఆగాడు. కళ్లు కండక్టరు మీదనుంచి కదల్లేదు. ఇంకొక దెబ్బ. మార్కెట్లో అయితే ఆ సందులోనే ఎవరైనా నోరు తెరవాలి, పైకి పాడాలి. కండక్టరు బలపం కోసం ఒళ్లో తడుముకున్నాడు. అది ఎప్పుడో జారి మంచం కిందికి దొర్లిపోయింది.

మూడో దెబ్బ పడింది. చెయ్యి దుప్పటి మీద వాలిపోయింది. వేలంపాట తల గోడవైపు తిప్పుకున్నాడు.

చెల్లెలు మార్కెట్లో పెరిగిన మనిషి. పాట ముగిసిందని ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పలకను బోర్లించి కండక్టరు చేతిలో పెట్టి, అన్నయ్య మెడ మీది గుడ్డ ఆరిపోయిందేమో చూడటానికి అటు తిరిగింది.